మైదానంలో బాగా నడిచే కారు తిరుమల ఘాట్‌లో ఎందుకు లాగడం లేదు? మెకానిక్ లోపాన్ని ఎలా కనిపెట్టాలి?

నెల్లూరు హ్యాచ్‌బ్యాక్, నెల్లూరు

సభ్యులందరికీ నమస్కారం. నా కారు 2016 నాటి 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఇప్పటికి 78,000 కిలోమీటర్లు తిరిగింది. ఊళ్లో, జాతీయ రహదారి మీద ఏ ఇబ్బందీ లేకుండా నడిచే ఈ బండి, గత మూడు నెలల్లో రెండుసార్లు తిరుమల వెళ్లినప్పుడు సగం కొండ ఎక్కేసరికి పికప్ కోల్పోయింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా మూడో గేరులో ముందుకు సాగక, వెనుక బస్సులు హారన్లు కొడుతుంటే మొదటి గేరులో నత్తనడకన పైకి చేరాం. కిందికి దిగాక మళ్లీ మామూలే. చెక్ ఇంజిన్ లైటు ఒక్కసారి కూడా వెలగలేదు.

ఇక్కడ ఒక గ్యారేజీలో చూపించగా, మొదటిసారి స్పార్క్ ప్లగ్గులూ ఎయిర్ ఫిల్టరూ మార్చి, థ్రాటిల్ బాడీ శుభ్రం చేశారు. రెండోసారి ఇంజెక్టర్లు శుభ్రం చేసి, ఒక ఇగ్నిషన్ కాయిల్ మార్చారు. మొత్తం 11,400 రూపాయలయింది. ఇప్పుడు పెట్రోల్ పంపు సెట్టు మొత్తం మార్చాలనీ, దానికి మరో తొమ్మిది వేలవుతుందనీ అంటున్నారు. పంపే అని ఎలా తెలిసిందని అడిగితే, "ఇక మిగిలింది అదే కదండీ" అన్నారు. ఆయన నిజాయతీని నేను శంకించడం లేదు. కానీ లోపాన్ని వెతకడమంటే ఒక్కొక్కటే మార్చుకుంటూ పోవడమేనా, లేక దానికొక పద్ధతి ఉందా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

గోదావరి డీజిల్, రాజమహేంద్రవరం

స్కానర్ పెట్టించారా? ఈ రోజుల్లో స్కానర్ పెడితే ఏది పోయిందో అదే చెప్పేస్తుంది.

ఆటోనగర్ పానా, విజయవాడ

నేను జవహర్ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. పై సభ్యుడు అన్న "స్కానరే చెప్పేస్తుంది" అన్న మాటే ఈ పనికి పెద్ద చేటు తెచ్చింది, కాబట్టి దాని సంగతి తర్వాత చెబుతాను.

బండి నా దగ్గరకు వచ్చినప్పుడు బోనెట్ ఎత్తే ముందు నేను చేసేది ప్రశ్నలు అడగడం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వస్తోందా, వేడెక్కాక వస్తోందా? ఏ గేరులో, ఎంత వేగంలో? ఏసీ వేసినప్పుడే వస్తోందా? ట్యాంకులో పెట్రోల్ సగానికి తగ్గినప్పుడు ఎక్కువగా ఉందా? ఈ మధ్య బండికి ఏ పని జరిగింది, నీళ్లలో దిగిందా, ఎలుకలు దూరాయా? అన్నిటికంటే ముఖ్యంగా, శక్తి పోయినప్పుడు బండి టక్ టక్‌మని కుదుపుతూ పోయిందా, లేక కుదుపు లేకుండా నీరసించిపోయిందా? ఈ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు దొరికితే సగం పని అయినట్టే.

కారణం ఇది. కొండ ఎక్కేటప్పుడు సిలిండర్‌లోకి ఎక్కువ గాలి చేరుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు కొనల మధ్య నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. ఆ వోల్టేజి ఇచ్చే కాయిల్ బలహీనంగా ఉంటే ఖాళీ రోడ్డులో బాగానే ఉండి, ఎత్తులో ఒకటో రెండో సిలిండర్లు మిస్ కొడతాయి, అంటే వాటిలో మంట అంటుకోదు. అది కుదుపుగా తెలుస్తుంది. పెట్రోల్ చాలకపోవడం వేరు. అది నాలుగు సిలిండర్లకూ ఒకేసారి తగ్గుతుంది కాబట్టి కుదుపు తక్కువ, నీరసం ఎక్కువ. ఇక మూడోది సైలెన్సర్ దారి మూసుకుపోవడం. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల కరిగిపోయి అడ్డుపడితే, ఇంజిన్ ఊపిరి వదలలేక గొంతు నొక్కినట్టు అయిపోతుంది.

మీకు కాయిల్ ఒకటి మార్చారన్నారు. ఏ ఆధారంతో మార్చారో అడిగారా? రెండో సిలిండర్ మిస్ అవుతోందని అనుమానం వస్తే, దాని కాయిల్ తీసి మూడో సిలిండర్‌కు పెట్టి, మూడోది రెండోదానికి పెట్టి, మళ్లీ ట్రయల్ వేయాలి. మిస్ మూడో సిలిండర్‌కు మారితే కాయిలే దోషి. రెండోదాంట్లోనే ఉండిపోతే కాయిల్ నిర్దోషి. దీనికి పది నిమిషాల సమయం, ఒక పది నంబరు పానా చాలు. పైసా ఖర్చు లేదు.

మల్టీమీటర్, పుణె

నేను మెకానిక్‌ను కాను, వాహనాల ఎలక్ట్రానిక్స్ రంగంలో పనిచేస్తాను. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు కాబట్టి కంప్యూటర్‌కు ఏమీ తెలియదని అనుకోవద్దు. చాలా లోపాలను ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే ఆ కంప్యూటర్) మొదటిసారి చూసినప్పుడు పెండింగ్ కోడ్‌గా రాసుకుంటుంది. వరుసగా రెండో ప్రయాణంలోనూ అదే కనిపిస్తేనే లైటు వెలిగిస్తుంది. తిరుమల వెళ్లి వచ్చాక నెల రోజులు చదును నేల మీద తిరిగితే ఆ పెండింగ్ కోడ్ చెరిగిపోయి ఉంటుంది. లోపం జరిగిన రోజునే చూడవలసింది.

మన దేశంలో కార్లలో ఓబీడీ (బండి తన లోపాలను తానే గమనించి రాసుకునే ఏర్పాటు) మొదటి దశ 2010 ఏప్రిల్ నుంచి, రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. మీది 2016 బండి కాబట్టి స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. వెయ్యి రూపాయల లోపు దొరికే ఈఎల్ఎమ్ 327 రకం బ్లూటూత్ పరికరం అందులో పెట్టి, ఫోనులో ఒక యాప్ వేసుకుంటే కోడ్‌లే కాకుండా ఇంజిన్ నడుస్తున్నప్పటి లెక్కలన్నీ కనబడతాయి. అసలు విలువ ఆ లెక్కల్లోనే ఉంది.

గోదావరి డీజిల్ గారికి ఒక ఉదాహరణ. పి0171 అన్న కోడ్ వచ్చిందనుకోండి. దాని అర్థం "గాలికి తగ్గ పెట్రోల్ అందడం లేదు" అని మాత్రమే. సైలెన్సర్ దారిలో ఆక్సిజన్‌ను పసిగట్టే ఆక్సిజన్ సెన్సర్ పోయిందని కాదు. అయినా ఈ కోడ్ చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చినవారిని నేను చాలామందిని చూశాను. జ్వరం ఉందని చెప్పిన పాపానికి థర్మామీటర్‌ను పారేసి కొత్తది కొన్నట్టుంటుంది ఆ వైద్యం.

డాలస్ గ్యారేజ్, టెక్సస్

ఇక్కడ 1996 మోడల్ నుంచే ప్రతి కారుకూ ఓబీడీ 2 ఉంది కాబట్టి మా వారాంతపు కాలక్షేపం ఇదే. నా సలహా ఏమిటంటే, ముందు ఫ్యూయల్ ట్రిమ్ చూడండి, అంటే ఆక్సిజన్ సెన్సర్ మాటను బట్టి ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో ఆ లెక్క. ఐడిల్‌లో (బండి నిలబడి ఇంజిన్ ఒట్టిగా తిరిగేటప్పుడు) ట్రిమ్ ఎక్కువగా ఉండి, 2,500 ఆర్‌పీఎంలో తగ్గిపోతే ఎక్కడో గాలి లీకు ఉన్నట్టు. ఐడిల్‌లో బాగుండి, లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే పెట్రోల్ సరఫరా చాలడం లేదని అర్థం.

మల్టీమీటర్, పుణె

డాలస్ గ్యారేజ్ గారూ, రెండో సగం సరే గానీ మొదటి సగానికి ఒక సవరణ అవసరం. మీరు చెప్పింది గాలి బరువును కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న బండ్లకు వర్తిస్తుంది. అమెరికాలో అవే ఎక్కువ. మన చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి మాఫ్ ఉండదు, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. గాలి లీకు అయినప్పుడు ఆ ఒత్తిడి పెరుగుదలను మ్యాప్ సెన్సర్ కూడా చూస్తుంది కాబట్టి, ఈసీయూ దానికి తగ్గ పెట్రోల్ తానే పోస్తుంది. అందువల్ల ట్రిమ్ పెద్దగా మారకుండా ఐడిల్ వేగం పెరుగుతుంది. ఈ తేడా తెలియక ట్రిమ్ బాగుంది, లీకు లేదు అని తేల్చేస్తే పొరబాటే.

డాలస్ గ్యారేజ్, టెక్సస్

సవరణకు కృతజ్ఞతలు. నేనింతవరకు మ్యాప్ బండి మీద పని చేయలేదు, ఒప్పుకుంటున్నాను.

డిపో పెద్దాయన, కడప

ముప్పై ఏళ్లు ఆర్టీసీ డిపోలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మీ చర్చ చదువుతుంటే ముచ్చటగా ఉంది గానీ, ఒక మాట అనక తప్పదు. మా రోజుల్లో ఈ సాకెట్లూ యాప్‌లూ ఏవీ లేవు, అయినా బస్సు తెల్లవారి నాలుగింటికి రోడ్డెక్కవలసిందే. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌లో ఒక సిలిండర్ పని చేయడం లేదని శబ్దం చెబుతుంది, ఏది అన్నది చెప్పదు. ఇంజిన్‌ను ఐడిల్‌లో ఉంచి, ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టును అర చుట్టు వదులు చేసేవాళ్లం. నట్టు వదలగానే డీజిల్ బయటికి ఊరి, ఇంజిన్ శబ్దం తడబడితే ఆ సిలిండర్ అప్పటిదాకా పని చేస్తున్నట్టు. మళ్లీ బిగించి పక్కదానికి వెళ్లేవాళ్లం. ఏ నట్టు వదిలినప్పుడు శబ్దంలో మార్పు ఉండదో, అదే చచ్చిన సిలిండర్. బేరింగు శబ్దానికి పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవి వెనుక ఎముకకు పెట్టుకుంటే వైద్యుడి స్టెతస్కోపు దేనికీ?

అన్నట్టు, తిరుమల ఎక్కే ఈ రెండో ఘాట్ రోడ్డు 1974లో వచ్చింది, అంతకుముందు 1944 నాటి పాత రోడ్డే ఎక్కడానికీ దిగడానికీ ఉండేది. కొత్త ఇంజిన్ వేసిన బస్సును ఒకసారి పైకి పంపితే దాని గుణం తెలిసిపోతుందని మా ఫోర్‌మన్ అంటుండేవారు.

ఆటోనగర్ పానా, విజయవాడ

పెద్దాయనకు నమస్కారం. నేనూ ఆ విద్యతోనే మొదలుపెట్టాను, నా షెడ్డులో ఆ పొడుగాటి స్క్రూడ్రైవర్ ఇప్పటికీ ఉంది. అయితే ఇది చదివే కుర్రవాళ్లకు హెచ్చరిక: ఆ నట్టు వదిలే పని పాత పంపు ఇంజిన్లకే. ఇప్పటి కామన్ రైల్ డీజిల్‌లో పైపులో ఒత్తిడి 1,600 బార్లు, ఆపైన కూడా ఉంటుంది. నట్టు వదిలితే ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, వేళ్లు తీసేయాల్సి రావచ్చు. మీరు చేసిన పరీక్షనే మేమిప్పుడు స్కానర్ నుంచి ఒక్కో ఇంజెక్టర్‌ను ఆపి చేస్తున్నాం. విద్య మారలేదు, పనిముట్టు మారింది.

నా బాధల్లా వేరు. పెద్దాయన నట్టు వదిలి శబ్దం విన్నారు, అంటే అనుమానాన్ని పరీక్షకు పెట్టారు. ఇప్పుడు స్కానర్ చేతిలో ఉన్న చాలామంది కోడ్ చదివి సామాను షాపుకు ఫోను చేస్తున్నారు.

కొత్త లైసెన్సు, హైదరాబాద్

చర్చను పక్కకు మళ్లిస్తున్నానేమో క్షమించాలి. నా కారు ముందు భాగం నుంచి 60 దాటితే విమానం లాంటి హోరు వస్తోంది. మెకానిక్‌కు శబ్దం వస్తోందని చెబితే ఆయన వీధి చివరి దాకా వెళ్లి వచ్చి, ఏమీ లేదమ్మా అంటారు. ఎలా చెబితే ఆయనకు అర్థమవుతుంది?

ఆటోనగర్ పానా, విజయవాడ

పక్కకు మళ్లించలేదమ్మా, అదీ ఇదే విషయం. ఖాళీ రోడ్డులో 60లో వెళుతూ స్టీరింగును మెల్లగా ఎడమకు, మళ్లీ మెల్లగా కుడికి తిప్పండి. ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే కుడి వీల్ బేరింగు మీద అనుమానం, కుడికి తిరిగినప్పుడు పెరిగితే ఎడమది. ఎటు తిప్పినా మారకుండా, వేగంతో మాత్రమే మారితే టైర్లు మెట్లు మెట్లుగా అరిగి ఉండవచ్చు, అరచేత్తో తడిమి చూడండి. మెకానిక్‌కు "శబ్దం వస్తోంది" అని కాకుండా "60 దాటాక, ఎడమకు తిరిగితే పెరుగుతోంది" అని చెప్పి, ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడపండి. వీధి చివరకు వెళితే 60 ఎక్కడ వస్తుంది?

నెల్లూరు హ్యాచ్‌బ్యాక్, నెల్లూరు

మీరందరూ చెప్పింది చదివి ఆ బ్లూటూత్ పరికరం తెప్పించాను. మా ఊరు అద్దంలా చదునుగా ఉంటుంది, కొండ ఎక్కడి నుంచి తేవాలన్నది నా సమస్య. కుదుపా, నీరసమా అని అడిగారు. బాగా గుర్తు చేసుకుంటే అది నీరసమే. గట్టిగా తొక్కినకొద్దీ ఇంకా నీరసించింది.

ఆటోనగర్ పానా, విజయవాడ

కొండ అక్కరలేదు, లోడు కావాలి. నలుగుర్ని ఎక్కించుకుని, అరగంట తిప్పి ఇంజిన్‌ను బాగా వేడెక్కనిచ్చి, రద్దీ లేని సమయంలో రెండు పరీక్షలు చేయండి. మొదటిది, నాలుగో గేరులో 40 వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కడం. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ భారం పడుతుంది కాబట్టి ఇది నిప్పురవ్వకు పరీక్ష. కాయిల్, ప్లగ్గు బలహీనమైతే ఇక్కడ కుదుపుతాయి. రెండోది, మూడో గేరులో 2,000 నుంచి 5,000 ఆర్‌పీఎం దాకా పూర్తిగా తొక్కి ఉంచడం. ఇక్కడ ఇంజిన్ తాగే పెట్రోల్ ఎక్కువ కాబట్టి ఇది పంపుకు పరీక్ష. నడిపేవారు ఫోను చూడకూడదు, పక్కన కూర్చున్నవారే చూడాలి.

మల్టీమీటర్, పుణె

చూడవలసినవి మూడు: కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజి, మిస్ ఫైర్ లెక్క (సిలిండర్లు ఎన్నిసార్లు మిస్ కొట్టాయో), లాంగ్ టర్మ్ ట్రిమ్ (ఫ్యూయల్ ట్రిమ్‌లో ఈసీయూ నిలకడగా గుర్తుంచుకునే భాగం). మామూలుగా నడిచేటప్పుడు ఆ సెన్సర్ 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతూ ఉంటుంది. పూర్తిగా తొక్కినప్పుడు ఈసీయూ కావాలనే పెట్రోల్ ఎక్కువ పోస్తుంది కాబట్టి 0.8 పైన నిలబడాలి. అలా కాక 0.1కి పడిపోతే పెట్రోల్ చాలడం లేదన్న అనుమానం బలపడుతుంది.

అయితే ఇందులో ఒక మోసం ఉంది. నిప్పురవ్వ మిస్ అయినా ఆ సెన్సర్ పెట్రోల్ తక్కువనే చూపుతుంది. మండని మిశ్రమంలోని ఆక్సిజన్ అలాగే సైలెన్సర్‌లోకి వస్తుంది, సెన్సర్‌కు తెలిసేది ఆక్సిజన్ ఒక్కటే కదా. అందుకే మిస్ ఫైర్ లెక్కతో కలిపి చూడమంటున్నాను. కన్వర్టర్ మూసుకుపోయిన బండిలో శక్తి పోయినా, ఈ సెన్సర్ ఇలా కిందికి పడిపోదు.

నెల్లూరు హ్యాచ్‌బ్యాక్, నెల్లూరు

ఈ ఉదయం ఆరింటికి మా బావమరిదినీ, ఇద్దరు పక్కింటి పిల్లలనూ ఎక్కించుకుని జాతీయ రహదారి మీదకు వెళ్లాం. నాలుగో గేరు పరీక్షలో ఏ కుదుపూ లేదు. మూడో గేరులో తొక్కినప్పుడు 3,500 దాకా సెన్సర్ 0.86 ఉంది, తర్వాత రెండు సెకన్లలో 0.4, ఆ వెంటనే 0.07. బండి వెనుక నుంచి ఎవరో తాడు కట్టి లాగినట్టయింది. మిస్ ఫైర్ లెక్క సున్నా. లాంగ్ టర్మ్ ట్రిమ్ ఐడిల్‌లో 2 శాతం, 80 వేగంలో వెళుతున్నప్పుడు 9 శాతం. ఇన్నాళ్లూ రహదారి మీద బాగుందని ఎందుకనుకున్నానంటే, నేనెప్పుడూ యాక్సిలరేటర్‌ను సగానికి మించి తొక్కనే లేదు.

అంటే మా మెకానిక్ చెప్పిందే నిజమేమో, పంపే పోయినట్టుంది కదా?

ఆటోనగర్ పానా, విజయవాడ

తొందరపడకండి. ఇంతవరకు తేలింది, భారం పడినప్పుడు ఇంజిన్‌కు పెట్రోల్ చాలడం లేదని. పంపు పోయిందని ఇంకా తేలలేదు. దీని తర్వాత రెండు మెట్లు ఉన్నాయి.

మొదటిది, పెట్రోల్ ఒత్తిడిని గేజీ పెట్టి కొలవడం. మీ బండి లాంటివాటిలో మిగిలిన పెట్రోల్‌ను ట్యాంకుకు పంపే తిరుగు పైపు ఉండదు, గేజీ పెట్టడానికి ప్రత్యేకంగా మూతి కూడా ఉండదు. ఇంజిన్ దగ్గర క్లిప్పు పైపు విప్పి మధ్యలో టీ ఆకారపు అడాప్టర్ వేయాలి. ఇది ఇంటి దగ్గర చేయదగిన పని కాదు. పెట్రోల్ చిమ్ముతుంది, పక్కన మంటలార్పే సిలిండర్ ఉండాలి. ఐడిల్‌లో ఒత్తిడి సరిగ్గా ఉందని చూసి వదిలేస్తే ఏమీ తెలియదు. ఐడిల్‌లో ఇంజిన్ తాగేది గుక్కెడు, సగం చచ్చిన పంపు కూడా ఆ గుక్కెడు ఇవ్వగలదు. లోపం ఏ పరిస్థితిలో వస్తుందో ఆ పరిస్థితిలోనే కొలవాలి.

రెండోది, ఒత్తిడి నిజంగానే పడిపోతే, పంపుకు కరెంటు సరిగ్గా అందుతోందా అని చూడటం. పంపు ఒక మోటారు. దానికి ఇవ్వవలసిన వోల్టేజి ఇవ్వకుండా మందగించిందని తిట్టడం అన్యాయం. వెనుక సీటు కింద దాని కప్లర్ (వైర్ల కనెక్టర్) ఉంటుంది. బ్యాటరీ వైపు, ఎర్త్ వైపు (కరెంటు బాడీ రేకు ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) రెండూ, బండి నడుస్తుండగా కొలవాలి.

గోదావరి డీజిల్, రాజమహేంద్రవరం

ఇంత తతంగం మన దగ్గర ఏ మెకానిక్ చేస్తాడండీ? గంటసేపు కొలిచి చివరకు ఏ సామానూ మార్చకపోతే, అతనికి డబ్బులిచ్చేదెవరు?

డాలస్ గ్యారేజ్, టెక్సస్

ఇక్కడ లోపం వెతకడానికి విడిగా రుసుము తీసుకోవడం మామూలే, తరచుగా ఒక గంట కూలి ఎంతో అంత. మొదట్లో నాకు ఒళ్లు మండేది, ఏమీ చేయకుండానే డబ్బులా అని.

ఆటోనగర్ పానా, విజయవాడ

గోదావరి డీజిల్ గారు అడిగింది అసలైన ప్రశ్న. నా దగ్గరకు వచ్చినవారు కొత్త కాయిల్‌కు రెండు వేలు బేరమాడకుండా ఇస్తారు, ఎందుకంటే పాత కాయిల్ చేతికి వస్తుంది, కొత్తది కంటికి కనిపిస్తుంది. గంటన్నర వెతికి తెగిన వైరు పట్టుకుని అతికి, ఎనిమిది వందలు అడిగితే, "వైరు అతకడానికి ఎనిమిది వందలా" అంటారు. పదిసార్లు అలా అనిపించుకున్న కుర్రవాడు పదకొండోసారి మీటరు పక్కన పడేసి సామాను మారుస్తాడు. నెల్లూరు గారి మెకానిక్ చేసింది తప్పే, కానీ ఆ తప్పు నేర్పింది మేమూ మీరూ కలిసే. నేను ఇప్పుడు బండి తీసుకునేటప్పుడే చెబుతున్నాను: వెతకడానికి 700, లోపం చిన్నదైనా పెద్దదైనా. సగం మంది వెళ్లిపోతారు. మిగిలిన సగంతో షెడ్డు నడుస్తోంది.

నెల్లూరు హ్యాచ్‌బ్యాక్, నెల్లూరు

ఇంకో మెకానిక్‌ను పట్టుకున్నాను. ఆయనకు మొదటే చెప్పాను, సామాను మార్చినా మార్చకపోయినా మీ సమయానికి డబ్బిస్తానని. ఆయన నన్ను ఒకసారి పరీక్షగా చూసి, బల్ల కింద నుంచి ఒక పాత డబ్బా తీశారు. అందులో గుడ్డలో చుట్టిన ప్రెషర్ గేజీ ఉంది.

గేజీ గొట్టాన్ని బోనెట్ అంచు నుంచి బయటికి తీసి, డయల్‌ను వైపర్ పక్కన అద్దానికి టేపుతో అంటించారు. ఐడిల్‌లో ముల్లు 3 బార్ల మీద రాయిలా నిలబడింది. అరగంట తిరిగాక ఆయన నడుపుతూ మూడో గేరులో తొక్కారు, నేను ముల్లును చూస్తున్నాను. 3,000 ఆర్‌పీఎం దాటగానే సన్నగా వణికింది, తర్వాత 2.6, 2.2 అని మెల్లగా వాలి 1.8 దగ్గర ఆగింది. కాలు తీయగానే గబుక్కున 3కి లేచింది. నిజం చెప్పాలంటే, కొండ మీద నేను అనుభవించిన నీరసం ఆ ముల్లులో కంటికి కనిపించినట్టయింది.

తర్వాత వెనుక సీటు ఎత్తారు. కార్పెట్ కింద చెయ్యి పెడితే చెమ్మ తగిలింది. కప్లర్ వెనుక నుంచి సన్నని సూదులు గుచ్చి, పొడుగాటి వైర్లతో మీటరును ముందు సీటుకు తెచ్చుకుని మళ్లీ తొక్కారు. బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులుంటే పంపు దగ్గర 10.1 మాత్రమే ఉంది. ముందు ఎర్త్ వైరును మీటరు బీప్ (వైరు తెగలేదని చెప్పే మోత) పెట్టి చూశారు, బీప్ వచ్చింది. "దీన్ని నమ్మకూడదు సార్" అని, మీటరు ఒక కొసను పంపు ఎర్త్ పిన్నుకూ, రెండోదాన్ని బ్యాటరీ మైనస్‌కూ పెట్టి పంపు నడుస్తుండగా చూస్తే 3.7 వోల్టులు వచ్చింది. ఎర్త్ బోల్టు విప్పితే వైరు చివరి రింగు ఆకుపచ్చగా, దాని కింద బాడీ రేకు తుప్పుపట్టి పొడిపొడిగా ఉంది.

మల్టీమీటర్, పుణె

అద్భుతమైన పని. చదివేవారి కోసం లెక్క చెబుతాను. 14.1 వోల్టుల్లో ఎర్త్ తుప్పు 3.7 మింగేసింది, బ్యాటరీ వైపు వైర్లూ రిలేలూ కలిసి 0.3 తిన్నాయి, పంపుకు మిగిలింది 10.1. ఆరోగ్యంగా ఉన్న ఎర్త్‌లో ఈ నష్టం 0.2 వోల్టులు మించకూడదు. పంపు 5 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే ఆ తుప్పు నిరోధం సుమారు 0.75 ఓమ్‌లు. మీటరు బీప్ సాధారణంగా కొన్ని పదుల ఓమ్‌ల దాకా మోగుతుంది, కాబట్టి ముప్పావు ఓమ్ దానికి పూర్తిగా ఆరోగ్యమే. కరెంటు పారుతున్నప్పుడు కొలిస్తేనే ఇలాంటి దొంగ దొరుకుతాడు. కొత్త పంపు వేసి ఉంటే, అదే కప్లర్, అదే ఎర్త్ కాబట్టి అది కూడా అదే కొండ మీద ఆగిపోయేది.

డిపో పెద్దాయన, కడప

ఒప్పుకుంటున్నాను. ఈ తుప్పు నా స్క్రూడ్రైవర్‌కు వినిపించేది కాదు.

నెల్లూరు హ్యాచ్‌బ్యాక్, నెల్లూరు

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి. రేకును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, కొత్త రింగు వేసి బిగించి, పైన గ్రీజు పూశారు. ఎర్త్ నష్టం 0.06 వోల్టులకు దిగింది, మూడో గేరులో ముల్లు 3 నుంచి కదలలేదు. వెతికినందుకూ బాగుచేసినందుకూ కలిపి 1,200 తీసుకున్నారు. నేను 1,500 ఇచ్చాను. నిన్న ఐదుగురం, డిక్కీ నిండా సామాను, ఏసీ వేసుకుని తిరుమల ఎక్కాం. మూడో గేరు నుంచి రెండుకు మార్చింది మలుపుల దగ్గరే. మొదటి మెకానిక్ దగ్గరకు కూడా వెళ్లి ఆ రింగు చూపించాను. ఆయన కాసేపు తిప్పి తిప్పి చూసి, తన దగ్గర గేజీ లేదనీ, ఎక్కడ దొరుకుతుందనీ అడిగారు.

ఆటోనగర్ పానా, విజయవాడ

సంతోషం. అడాప్టర్లతో కలిపి గేజీ సెట్టు మా ఆటోనగర్‌లో దొరుకుతుంది, ఆయన్ను నాకు వ్యక్తిగత సందేశం పంపమనండి.

కానీ మీ పని ఇంకా పూర్తి కాలేదు. కార్పెట్ కింద చెమ్మ ఉందన్నారు. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? వెనుక తలుపు అడుగున నీళ్లు పోయే చిల్లులు మట్టితో మూసుకుపోయాయా, తలుపు రబ్బరు చిరిగిందా, లేక బండి కడిగేవాళ్లు లోపల పైపు పెట్టారా? అది తేలకపోతే వచ్చే వానాకాలానికి కొత్త రింగు కూడా పచ్చబడుతుంది.

నెల్లూరు హ్యాచ్‌బ్యాక్, నెల్లూరు

ఇప్పుడే చూశాను. కుడి వెనుక తలుపు కింద మూడు చిల్లులున్నాయి, రెండు పూర్తిగా మట్టితో మూసుకుపోయాయి. ఈనెపుల్ల పెట్టి పొడిస్తే అర చెంబు నీళ్లు కారాయి. ఎడమ తలుపు పొడిగానే ఉంది. సీటు ఇంకా బిగించలేదు. రేపు ఆ తలుపు మీద పైపు పెట్టి కార్పెట్ కింద తడుస్తుందో లేదో చూసి రాస్తాను.